గాలిలో పోగులు అతికిన చిన్నాయన

మగ్గం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేస్తున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. నా మాట మీద మీకెంత నమ్మకమో నాకు తెలుసు గనుకనే ఈ ప్రమాణం.

మొన్న బీపీ మాత్రల కోసం ఎమ్మిగనూరు ఆస్పత్రికి పోతే, చేతికి చుట్టిన పట్టీ విప్పుతూనే డాక్టరమ్మ నిద్ర పడుతోందా, దిగులుగా ఉంటోందా, మందు తాగుతావా, ఎంత తాగుతావు అని, కూరలో ఉప్పు సరిపోయిందా అన్నంత మామూలుగా అడిగింది. అన్నీ ఒకే గదిలో, ఒకే మనిషి! బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంటే మా చిన్నాయన గుర్తొచ్చాడు.

చిన్నాయన సారా తాగి ఊదితే ఆరిపోవలసిన దీపం భగ్గున లేచేది. అయినా మా వీధిలో ఆయనంత నున్నగా చీర అంచు నేసినవాడు లేడు. చేతులు వణకడం మొదలై, పోగును అటూ ఇటూ తోసే నాడె జారిపోసాగింది, దానికి తోడు కడుపునొప్పి. మా నాయన ఆయన్ను ఆదోని తీసుకుపోతే అక్కడి డాక్టరు కడుపు మట్టుకే చూసి, తాగుడు నా పని కాదు, పిచ్చి డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడు. ఆ పిచ్చి డాక్టరు కోసం ఇంకా దూరం పోతే, ముందు ఒళ్లు బాగుచేయించుకు రమ్మని వెనక్కి తరిమాడు. పత్తికొండ మార్కెట్లో మెత్తబడిన టమోటా గంపలా చిన్నాయన ఎవరికీ అక్కరలేని సరుకైపోయాడు.

ఇక మా వాళ్లే వైద్యులయ్యారు. పని ఎగ్గొట్టేవాళ్లకు మా ఇళ్లలో చేసే మర్యాదే ఆయనకూ చేశారు: మగ్గం గుంటలో కాళ్లు దింపి, నడుముకు పంచె బిగించి కూర్చునే పలకకు కట్టేసి, చుక్క సారా ముట్టనీయలేదు. ఒకటి రెండు రోజులు గడిచాక ఆయన ఒళ్లంతా చెమటలు పోసి, ఉత్త గాలిలోకి చేతులు చాచి, వేళ్లు కలిపి, తెగిన పోగులు అతకడం మొదలుపెట్టాడు. ఇంకెవరైనా హడలిపోయేవారు. మేము నేతవాళ్లం గదా, చేతులకు పని గుర్తొచ్చిందని సంబరపడ్డాం. అవ్వ దిష్టి కూడా తీసింది. వీధి వీధంతా కిటికీ దగ్గర చేరింది.

“ఏమప్పా, ఎవురికి నేస్తాండావు ఆ సీర?” అన్నాడు ఎదురింటి మామ.

“తెగుతాండాయన్నా, యాడ పట్టుకున్నా తెగుతాండాయి,” అని చిన్నాయన ఏడ్చాడు.

“మా ఇంటిదానికీ ఒకటి నెయ్యప్పా. కట్టుకున్నా కట్టుకోనట్టే ఉంటాది!”

అందరం పగలబడి నవ్వాం. ఎన్నేళ్లుగానో నవ్వని చిన్నమ్మ కూడా కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వుల మధ్యే ఆయనకు మూర్ఛ వచ్చింది. ఆదోనికి పరుగెత్తాం. ఈసారి ఒక కుర్ర డాక్టరు దొరికి, కడుపూ మనసూ తాగుడూ తానే చూసి, సూది వేసి, ఏళ్ల తాగుడును ఉన్నపళంగా మాన్పిస్తారా, మందులిచ్చి మెల్లగా మాన్పాలి గానీ అని మమ్మల్ని చెడామడా తిట్టాడు. చిన్నాయన కోలుకుని వచ్చి చిన్నమ్మకు చిలకపచ్చ చీర నేసి పెట్టాడు.

మన కాలంలో తాగుబోతుకు తిట్లుండేవి, తన్నులుండేవి, మొక్కులుండేవి. మందు ఉంటుందని మాత్రం మనకు తోచలేదు. ఇప్పుడు బీపీ చీటీలోనే దానికీ ఒక మాత్ర రాస్తున్నారు.

సరే, ఒప్పుకుంటాను. ఆ కుర్ర డాక్టరునూ, సూదినీ, పచ్చ చీరనూ నేనే పుట్టించాను. మేము ఆదోనికి పోనేలేదు. మూర్ఛను కూడా తాగుబోతు నటన అనుకుని కట్టు విప్పలేదు. చిన్నమ్మ నవ్వు ఆపేసరికి ఆయన వేళ్లు కదలడం లేదు.