ఓడ దిగని చుట్టాలు

శనివారం మధ్యాహ్నం మా జెర్సీ సిటీ అపార్ట్‌మెంట్ కిటికీ అద్దం సన్నగా వణుకుతుంది. ఆ వెంటనే ఓడ కూత వినిపిస్తుంది. చెవికంటే ముందు కడుపులో తెలిసే శబ్దం అది. నదికి అవతలి ఒడ్డున మాన్‌హాటన్ రేవులో జనాన్ని ఎక్కించుకున్న తెల్లటి ఓడ మా కళ్ళముందు నుంచే బెర్ముడాకు సాగిపోతుంది. చదువుతున్న పుస్తకం ఒళ్ళో బోర్లించి, ఓడ కనుమరుగయ్యేదాకా చూస్తాను. అలా చూసినప్పుడల్లా పరిమళగారు గుర్తొస్తారు.

ఆవిడ నా మొదటి బాస్. న్యూఆర్క్ అవెన్యూలో చీరల కొట్టు పక్కన చిన్న ట్రావెల్ ఏజెన్సీ నడిపేవారు. డెబ్భైల చివర నేను అన్నయ్య దగ్గరికి వచ్చి, సాయంత్రాలు లైబ్రరీ సైన్స్ చదువుకుంటూ, పగలు ఆవిడ దగ్గర టికెట్లు టైప్ చేసేదాన్ని. డైరీలో పేజీలు నింపేదాన్ని కానీ మనుషుల ముందు మాట పెగిలేది కాదు. "కాస్త గట్టిగా మాట్లాడు శారదా, అమెరికాలో ఇలాగైతే ఎలా?" అని మా వదిన రోజూ అనేది. పరిమళగారు మాత్రం ఆ మాట ఎన్నడూ అనలేదు. నేను గొణిగితే ఆవిడే కుర్చీ దగ్గరికి లాక్కునేవారు.

ఓడ టికెట్ కొన్నవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవారు. "పెట్టెకి ట్యాగ్ కట్టి రేవులో ఇచ్చేస్తే అది మీ రూమ్‌కొచ్చేసరికి సాయంత్రమవుతుంది. మందులు, గ్రీన్‌కార్డ్, స్వెటర్ చేతిసంచిలో పెట్టుకోండి. దిగే ముందు రాత్రి పెట్టె తలుపు బయట పెట్టేయమంటారు. అన్నీ సర్దేశారనుకోండి, పొద్దున్నే నైటీలో దిగాలి. ఓ జత బయట ఉంచుకోండి. మీ ట్యాగ్ రంగు పిలిచేదాకా కుర్చీలోంచి లేవకండి. ముందు లేచినవాళ్ళు ముందు దిగరు." ఎంతమందికి చెప్పినా మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవారు.

ఆ రోజుల్లో సాగనంపడానికి వచ్చినవాళ్ళకు కూడా పాస్ ఇచ్చి ఓడలోకి రానిచ్చేవారు. కదిలే ముందు రెండుసార్లు గంట కొట్టేవారు. మొదటి గంటకే చుట్టాలు దిగిపోవాలి. మనవాళ్ళు దిగేవారు కాదు. "మనం నాలుగు చోట్ల వెళ్ళొస్తామంటామే. మంచం దగ్గర, గుమ్మం దగ్గర, లిఫ్ట్ దగ్గర, మెట్ల దగ్గర. అదంతా లెక్కేసుకుని ముందే మొదలెట్టించాలి," అనేవారు పరిమళగారు. అందుకని మనవాళ్ళు వెళ్ళే ప్రతి శనివారమూ తనే ఓడెక్కి, అరిచి బతిమాలి అందర్నీ దింపి, వాళ్ళతోపాటు దిగేవారు. అంతేకానీ ఒక్కసారైనా ఓడలో ప్రయాణం చేయలేదు. ఎందుకని అడిగితే, "నేనూ వెళ్తే వీళ్ళని దింపేదెవరే?" అన్నారు.

"నేను దింపుతానండీ," అన్నాను ఒకరోజు.

ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఆ సాయంత్రమే తన పేరు మీద టికెట్ రాయించారు. "ఒకటే మాట. వాళ్ళు దిగకపోతే నేను దిగిపోతాను. ఏజెన్సీ పరువు కదా," అన్నారు. అన్నారే కానీ, ఆ వారమంతా సన్నగా ఏదో పాడుకుంటూనే ఉన్నారు.

ఆ శనివారం వెళ్ళేవాళ్ళలో వాసంతి అనే కొత్త పెళ్ళికూతురు, ఆమె భర్త ఉన్నారు. సాగనంపడానికి ఆమె పుట్టింటివాళ్ళంతా వచ్చారు. ఓడలో వాళ్ళది అగ్గిపెట్టెంత గది. గుమ్మం బయట తివాచీ మీద చెప్పులు కుప్పగా విడిచి, మంచం మీద పేపర్ పరిచి పులిహోర డబ్బాలు తెరిచారు. పెళ్ళిలో అప్పగింతలు తొందరగా ముగించేశారని వాసంతివాళ్ళమ్మకి మనసులో ఉండిపోయినట్టుంది, ఇక్కడ మళ్ళీ మొదలుపెట్టింది.

మొదటి గంట మోగింది. "టైమ్ అయిందండీ," అన్నాను గుమ్మంలో నిలబడి. నాకే సరిగ్గా వినపడలేదు. ఇంకోసారి అంటే వాసంతి పెదనాన్నగారు తలెత్తారు.

"ఇంకోటి కొడతారుగా. ఇదేమన్నా సిటీ బస్సా? కూర్చోమ్మా, పులిహోర తిను."

వద్దనడం చేతకాక తిన్నాను.

చేతిలో ప్లేటుతో వెనక్కి తిరిగితే నడవా చివర పరిమళగారు కనిపించారు. హ్యాండ్‌బ్యాగ్ భుజానికి తగిలించుకుని ఉన్నారు. కోపంగా లేరు. "పోనీలేవే, నేను దిగి వీళ్ళని తీసుకెళ్తాను. వచ్చే ఏడు చూద్దాం," అన్నారు నవ్వుతూనే. ఆ నవ్వు చూడలేక తల దించుకున్నాను. కాళ్ళ దగ్గర చెప్పులున్నాయి.

ప్లేటు పక్కన పెట్టి, పులిహోర తెచ్చిన పెద్ద సంచులు రెండు తీసుకుని ఆ కుప్పంతా వాటిలో వేశాను. రెండు చేతులా పట్టుకుని నడవడం మొదలుపెట్టాను. లిఫ్ట్ దగ్గరికి చేరేలోపే వెనక ఎవరో చిన్నపిల్ల గొంతు వినిపించింది. "అమ్మమ్మా, ఆ ఆంటీ మన షూస్ అన్నీ తీసుకెళ్ళిపోతోంది."

తర్వాత వినిపించినవన్నీ ఉత్త పాదాల చప్పుళ్ళే. "ఓయ్ అమ్మాయ్, ఆగు," అంటూ పెదనాన్నగారు, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని వాసంతివాళ్ళమ్మ, డబ్బా మూతలు పట్టుకుని మిగతావాళ్ళు. నేను ఆగలేదు. మెట్లు దిగే దగ్గర పాసులు తీసుకునే ఉద్యోగి సంచుల్లోకి తొంగి చూశాడు. "షూస్," అన్నాను ఇంగ్లీషులో. వెనకనుంచి వస్తున్న ఊరేగింపు చూసి అతను ఇంకేమీ అడక్కుండా పక్కకి జరిగాడు.

రేవు నేల మీద సంచులు బోర్లించాను. పెదనాన్నగారు ఒక కాలికి జోడు దొరకబుచ్చుకుని, రెండోదాని కోసం వెతుకుతూ, "ఇదేం పనమ్మా, నోటితో చెప్పొచ్చు కదా?" అన్నారు.

"చెప్పానండీ."

"మరి వినపడలేదే."

"అవునండీ."

వాసంతివాళ్ళమ్మ ముందుగా నవ్వింది. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. రెండో గంట మోగింది, మెట్లు లాగేశారు. పైన కమ్మీ దగ్గర పరిమళగారు నిలబడి ఉన్నారు. చేయి ఊపలేదు. భుజాన ఉన్న హ్యాండ్‌బ్యాగ్ నాకు కనిపించేలా పైకెత్తి చూపించి, కింద పెట్టేశారు.

మరుసటి శనివారం పొద్దున్నే రేవుకి వెళ్ళాను. రంగుల వారీగా మనుషులు దిగుతున్నారు. చివరి రంగుతో పరిమళగారు దిగారు. ఎర్ర పట్టుచీర, జరీ అంచు. అంత పొద్దున్నే పట్టుచీరేమిటని నేను చూసిన చూపు అర్థమై, "మాట్లాడకు. మిగతావన్నీ పెట్టెలో సర్దేశాను. ఇదొక్కటే బయట మిగిలింది," అన్నారు.

"సముద్రం ఎలా ఉందండీ?"

"మొదటిరోజు ఎవరి గది ఎక్కడుందో చూపిస్తూ తిరిగాను. రెండోరోజు నుంచి కూర్చున్నాను. అంతే, కూర్చున్నానే శారదా. అంత సుఖం ఉంటుందని తెలీదు."

గట్టిగా పిలవలేకపోయానని సంజాయిషీ చెప్పబోయాను. ఆవిడ సాగనివ్వలేదు. "పిలిస్తే వచ్చేవాళ్ళేంటి? ఇన్నేళ్ళు అరిచి నేను సాధించిందల్లా గొంతు బొంగురుపోవడం." ఆ మాట ఆ సాయంత్రం డైరీలో రాసుకుని నవ్వుకున్నాను. నేను నాలాగే ఉండి కూడా ఒక పని చేయగలనని నాకు నమ్మకం కలిగించిన మొదటి మనిషి ఆవిడ. ఆ తర్వాత వచ్చిన ప్రతి గుంపుకీ నన్ను చూపించి, "నెమ్మదిగా ఉందని మోసపోకండి, చాలా ప్రమాదం," అని చెప్పేవారు. జనం నన్ను చూసి కాస్త జంకడం నా జీవితంలో అదే మొదలు.

ఇప్పుడు నేను లైబ్రరీలో పనిచేస్తున్నాను. మూసే వేళకి అక్కడా ఎవరూ లేవరు. రోజూ పేపర్ చదువుకోవడానికి వచ్చే ముసలాయన మరీను. మైకులో చెప్పమంటుంది మా సూపర్‌వైజర్. నేను కోట్లు తగిలించే కొక్కేల దగ్గరికి వెళ్ళి, ఆయన కోటు తెచ్చి, తొడుక్కోవడానికి వీలుగా వెనక పట్టుకుని నిలబడతాను. ఆయన పేజీ మీద నుంచి చూపు తీయకుండానే చేయి చాస్తాడు.