లాకుల మీది దావీదు

పన్నెండేళ్లుగా ఈ మాట నా గొంతులోనే ఉంది. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇది చదివే మీరెవరో తెలియదు కాబట్టే మీతో చెప్పగలుగుతున్నానేమో.

అప్పట్లో నేను బాపట్లలో చరిత్ర మాస్టర్ని. తెనాలిలో అచ్చయ్యే ఒక వారపత్రికకు సీరియల్ రాసేవాణ్ణి. ఏటికి అటూ ఇటూ రెండు కల్పిత రాజ్యాలు, మేఘవతి, శంఖపురి. తరతరాల పగ. వెనకటికి మేఘవతిని ముంచిన వరద దైవికం కాదనీ, శంఖపురికి అమ్ముడుపోయిన తూము కాపలాదారు కట్ట తెంపాడనీ, ఆ కుట్రను పెద్దలంతా కప్పిపుచ్చారనీ కథ.

ఆ ద్రోహికి ఒక రూపం కావాలి. మా అత్తగారి ఊరు రేపల్లె దగ్గర. అక్కడి లాకుల మీద దావీదు అనే లస్కరు ఉండేవాడు. కాలవకు నీళ్లు వదలడం, ఆపడం అతని పని. ఎడమ కంట్లో పువ్వు. నడుస్తూ తనలో తాను కీర్తనలు పాడుకునేవాడు. ఆ కన్నూ, ఆ పాటా తీసుకెళ్లి నా ద్రోహికి తగిలించాను.

అంతకు ముందు ఏడే ఆ కాలవకు గండి పడి చేలు మునిగాయి. ఆ మధ్యాహ్నం నేనక్కడే ఉన్నాను. ఎండ్రకాయల బొరియల్లోంచి నీరుబికి కట్ట జారిపోతుంటే, దావీదు నడుములోతు నీళ్లలో నిలబడి ఇసుక బస్తాలు వేస్తున్నాడు. కళ్లారా చూశాను. చూసి కూడా అలా ఎందుకు రాశాను? అతని మీద కోపమా? లేదు. కథ రక్తి కడుతుందని. ఇంతకన్నా పెద్ద కారణం ఉంటే ఈ సిగ్గు కొంత తగ్గేదేమో.

అత్తగారి ఊళ్లో సీరియల్ చదివారు. మాస్టారికి లోగుట్టు తెలుసు, పేర్లు మార్చి రాశాడన్నారు. కాలవకు ఎగువనున్న పై ఊరి వాళ్లే డబ్బిచ్చి దావీదు చేత గండి కొట్టించారన్నారు. అతని భార్య మరియమ్మను నాట్లకు పిలవడం మానేశారు.

ఒక ఆదివారం దావీదు బాపట్ల వచ్చాడు. అరుగు ఎక్కలేదు.

"అది నేను కాదని ఒక్క ముక్క రాయండయ్యా. మీరు చూశారు గదండీ."

"అది కథ దావీదూ. అసలా రాజ్యాలే లేవు."

"రాజ్యాలు లేవండి. కన్ను మాత్రం నాదే గదండీ. గుళ్లో ప్రార్థనకెళ్తే నా పక్కన ఎవరూ కూచోటం లేదండి."

"చూద్దాంలే," అన్నాను.

చూడలేదు. రాస్తే, గుట్టు తెలిసిన మనిషి అన్న పేరు పోతుంది. ఆ పేరు నాకు నచ్చింది. పాఠకుల ఉత్తరాలు ఒకటికి నాలుగుసార్లు చదువుకునేవాణ్ణి.

ఆ వేసవిలో వాళ్లు పెనుమూడి రేవులో పడవెక్కి ఏరు దాటి వెళ్లిపోయారు. దావీదు అక్కడే కూలికి పోతూ చనిపోయాడని తర్వాత తెలిసింది.

పోయిన నెల రేపల్లె బస్టాండులో టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఎవరో చెబుతున్నారు, కన్ను పోయిన లస్కరు గండి కొట్టిన సంగతి. నా వాక్యాలే, దాదాపుగా. అప్పుడైనా కాదని చెప్పి ఉండవచ్చు. టీ పూర్తిగా తాగి బస్సెక్కాను.

దావీదు కట్ట తెంపలేదండి. కాపాడబోయాడు.

ఈ రెండు ముక్కలు రాయడానికి రెండు నిమిషాలు పట్టలేదు. గుండె కొంత తేలికైన మాట నిజం. కింద నా పేరు పెట్టడానికి మాత్రం ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.