ఒకే గదిలో పదకొండు మంది కొడుకులు

పోయిన ఏడాది చివర్లో, ఓటరు జాబితాల సవరణ నడుస్తున్నప్పుడు, సూరత్‌లోని ఉధ్నాలో నా ఆన్‌లైన్ సెంటర్ ముందు పొద్దున్నే వరుస కట్టేవారు. ఇరవై ఏళ్లు దాటిన పాత జాబితాల్లో తల్లిదండ్రుల పేర్లు వెతికి ప్రింట్ తీసివ్వడం నా పని. జాబితాలు గుజరాతీలో ఉంటాయి. మగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్లలో పెద్దవాళ్లకు ఆ లిపి రాదు. పేరు దొరికితే వాళ్ల అదృష్టం, దొరక్కపోతే నా తప్పు.

బాలమణి తన అన్న కనకయ్యను వెంటబెట్టుకుని వచ్చింది. భర్త సత్తయ్య చనిపోయి ఆరేళ్లు. కూతురి ఫారం కోసం అతని పేరు కావాలి. ఆ పిల్ల పెళ్లి పందొమ్మిది రోజుల్లో ఉంది.

"మా మామ పేరు రాజయ్య, తమ్మీ. నేను చూడలే. మా ఆయనకు ముందూ ఎనకా ఎవ్వలు లేరు."

సెర్చ్ రిజల్ట్, అంటే వెతికితే వచ్చే చిన్న పట్టీలో, పేరు, తండ్రి పేరు, గది నంబరు మాత్రమే ఉంటాయి. సత్తయ్య, తండ్రి రాజయ్య. దాని పైవరుసలో అదే గది, అదే తండ్రి, మరో పేరు. ఆలోచించకుండా అనేశాను.

"ఎవ్వలు లేకపోవుడేందక్కా? గట్టయ్య అని అన్న ఉన్నడు గదా."

బాలమణి సంచిలోంచి శుభలేఖ తీసింది. వరుడి తండ్రి పేరు గట్టయ్య.

"పెండ్లిచూపులల్ల చెప్పిండు, మొదట్ల మా ఆయనున్న గల్లీలనే ఉన్ననని," అంది. "అన్నా, పిల్లా పిలగాడు అన్నాచెల్లెండ్లయితరా?"

"గోత్రాలు వేరే గదనే!"

"మా ఆయన చెప్పిన గోత్రమే గదా. ఎవరు చూసొచ్చిండ్రు?"

కనకయ్య నా మీదికి తిరిగాడు. "బటన్లు ఒత్తేటోడివి, మా వంశం నువ్వు చెప్తవా? నోరు మూసుకో." వరుసలో ఉన్న ఇద్దరు విన్నారు. ఆ మాట ఇప్పటికీ నా దగ్గర భద్రంగా ఉంది.

వెళ్తూ బాలమణి నా చెయ్యి పట్టుకుంది. "ఎవ్వలకు చెప్పకు తమ్మీ. గట్టయ్యను అడిగినా చాలు, పెండ్లి ఆగుతది."

ఆ రోజంతా ఒక ప్రింటుతో ఒక పిల్ల పెళ్లి చెడగొట్టానేమోనన్న భయం. నా మాట నిజమైతే మరీ భయం. నోరు మూసుకోమన్నాడు కాబట్టి వదలకూడదనుకున్నాను. జాబితా పూర్తి పేజీ, పీడీఎఫ్, తెరిచాను. ముందే తెరవాల్సింది. అందులో వయసులు కూడా ఉంటాయి.

రాజయ్య వయసు ముప్పై ఐదు. ఆ గదిలో అతని కొడుకులు పదకొండు మంది. సత్తయ్యకు ఇరవై రెండు. గట్టయ్యకు ముప్పై.

ఐదేళ్ల వయసులో ఎవరూ తండ్రి కారు. కానీ గట్టయ్య ఎవరి కొడుకో ఆ పేజీ చెప్పదు. ఖాళీ ఫారం పట్టుకుని, శుభలేఖలో చూసిన చిరునామాతో, సూరత్‌లోనే ఉన్న ఆల్థాన్‌లో గట్టయ్య ఇంటికి వెళ్లాను. ఒక్క మాట తప్పితే అంతా అయిపోతుంది.

"కాకా, ఫారం నింపుతున్న. మీ నాయిన పేరేంది?"

"నర్సయ్య. నేనొక్కన్నే కొడుకును."

"పాత జాబితాల రాజయ్య అనుంది."

గట్టయ్య పగలబడి నవ్వాడు. "అగో, అదింకా ఉందా! రాజయ్య మా రూం పెద్ద. మొగోళ్ల గుంపుకు రూమియ్య, ఫ్యామిలీకే ఇస్తనన్నడు మకాన్ మాలిక్. అందరు నా కొడుకులే అన్నడు రాజయ్య. ఓట్ల పేర్లు రాసుకపోను వచ్చినోళ్లకు సుత గదే చెప్పినం. నాయినా అని పిలిస్తే మాత్రం తన్నేటోడు."

"మిగిలినోళ్లు?"

"ఎవడెవడో! సగం మంది పగటి పాళి, సగం మంది రాత్రి పాళి. నేను లేచిన చాప మీద ఇంకోడు పండేటోడు. మొఖాలు సుత యాదికి లేవు."

ఉధ్నాకు వచ్చి చెబితే బాలమణి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కనకయ్య "నేను ముందే అన్న గదా" అన్నాడు. క్షమించమనలేదు.

కాసేపటికి బాలమణి తలెత్తింది. "గట్లయితే తమ్మీ, మా ఆయన నాయిన ఎవరు? పెండ్లిల అయ్యగారు పిల్ల తాత పేరు అడుగుతడు. ఏం చెప్పాలె?"

నా దగ్గర ఏ పేజీలోనూ ఆ జవాబు లేదు. "రాజయ్య అనే చెప్పక్కా," అన్నాను.

కనకయ్య నాకు శుభలేఖ ఇవ్వలేదు. బాలమణి ఇచ్చింది. కన్యాదానం వేళ అయ్యగారు పిల్ల తాతగా రాజయ్య పేరు చదివారు. ఎదురుగా కూర్చున్న గట్టయ్య చటుక్కున తలెత్తాడు. బాలమణిని చూశాడు. వెనక వరుసలో ఉన్న నన్ను చూశాడు. పిల్ల తండ్రి కూడా రాజయ్య 'కొడుకు'ల్లో ఒకడని, నేను ఫారం పట్టుకుని ఎందుకొచ్చానో అతనికి అప్పుడే అర్థమైంది.

గట్టయ్య అక్షింతలు పిడికిట్లోకి తీసుకున్నాడు.

జాబితా చెప్పేది ఎవరు ఎవరి కొడుకో కాదు, ఆ రోజు తలుపు దగ్గర నిలబడి ఎవరేం చెప్పారో. ఇప్పుడు పూర్తి పేజీ చూడనిదే నేను నోరు విప్పను. చూశాక కూడా, ఒక్కోసారి, విప్పను.