తన్లిన్ బజారులో నేను చేసిన సాయం

మా చెల్లెలు యాంగోన్‌లో పోయిన మూడో నెలలో, మేనకోడలు నీలవేణిని విశాఖ తీసుకొచ్చేద్దామని బయలుదేరాను. నీలకు పందొమ్మిదేళ్లు. పుట్టుకతో కుడిచేయి స్వాధీనంలో లేదు. తండ్రి ఎప్పుడో పోయాడు. నాయనమ్మ దగ్గర ఉంటోంది. కలకత్తాలో విమానం మారి, సాయంత్రానికి యాంగోన్‌లోని పజుండౌంగ్ పేటలో వాళ్ల ఇంటికి చేరాను.

మర్నాడే నీలకు పరీక్ష అని వెళ్లాక తెలిసింది. నది అవతల తన్లిన్ బజారులో రమణమ్మగారనే తెలుగావిడకు అగరొత్తుల కొట్టుంది. మధ్యాహ్నం దాకా ఒక్కతే బేరం చూసుకోగలిగితే పనిస్తానన్నారట. నేనూ వస్తానన్నాను.

"వస్తే రా మావయ్యా. ఎదర టీ కొట్లో కూకో. కొట్లోకి మాత్రం రాకు," అంది నీల.

ఏడింటికి బస్సెక్కాం. కండక్టరు ఉండడు, డ్రైవరు పక్కనున్న పెట్టెలో డబ్బు వేయాలి. చిల్లర తిరిగి రాదు కాబట్టి వెళ్లేవాళ్లు చిన్న నోట్లు ఉంచుకోవడం మంచిది. నా చార్జీ కూడా నీలే వేసింది. వంతెన మీద పక్కసీటు ముసలమ్మ బర్మీస్‌లో ఏదో అని నవ్వింది. ఏమంటోందని అడిగాను.

"నీకు కాపలావోడా అంటంది. కాదు, సుట్టం అన్నాను."

టీ కొట్లో మొహింగా, అంటే చేపల పులుసులో సేమియా, తిన్నాను. బాగుంది. ఎదురుగా కొట్టు కనిపిస్తూనే ఉంది. తొమ్మిది దాటాక నలుగురైదుగురు ఒకేసారి వచ్చారు. ముందున్న పెద్దాయనకు నీల చిల్లర ఇస్తోంది. ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని, కుడిచేతిని మెల్లగా పైకి లేపుతోంది. నోటు వణుకుతోంది. వెనకవాళ్లు ఎదురుచూస్తున్నారు. నేను ఉండబట్టలేకపోయాను. రోడ్డు దాటి వెళ్లి, ఆమె వేళ్లలోంచి నోటు తీసి, ఒంటిచేత్తో ఆయన ముందుకు చాపాను.

ఆయన తీసుకోలేదు. లోపలి నుంచి రమణమ్మగారు వచ్చారు.

"ఏటి బాబూ ఇది? పెద్దోళ్లకి ఈడ అందరం అలగే ఇస్తాం, మోసెయ్యట్టుకొని. ఇంతవరకూ ఆ పిల్ల సెయ్యి ఎవులూ సూడనేదు. ఇప్పుడందరూ సూసినారు."

పక్క కొట్లో చేపలామె కూడా అలాగే మోచేయి పట్టుకుని ఇస్తోంది. టీ కొట్టువాడు నాకూ అలాగే ఇచ్చాడు. నేను గమనించలేదు. మా చెల్లెలు ఆ మర్యాదనే ఆసరా చేసుకుని, నెలల తరబడి నీల చేతికి నేర్పిందట.

నీల నా చేతిలోని నోటు తీసుకుని, మళ్లీ మొదటి నుంచి చేయి లేపింది. పెద్దాయన నిలబడి అందుకున్నాడు.

"ఇయ్యాల్టిది లెక్కలోకి రాదమ్మా," అన్నారు రమణమ్మగారు. "రేపు రా. సుట్టాన్ని ఇంట్లో ఒగ్గేసి రా."

తిరుగు బస్సులో నీల కిటికీవైపే చూస్తూ కూర్చుంది. విశాఖ మాట ఎత్తడానికి నాకు ముఖం చెల్లలేదు. నాలుగు రోజులుందామనుకున్నవాణ్ణి, మర్నాటికే టిక్కెట్టు మార్చుకున్నాను.

మర్నాడు నేను లేచేసరికే నీల కొట్టుకు వెళ్లిపోయింది. ఎయిర్‌పోర్టులో కూర్చుని, చెప్పవలసింది మనసులో కూర్చుకుని నీలకు ఫోన్ చేశాను.

"ఏటి మావయ్యా? బేగి సెప్పు. జనం ఉన్నారు."

"నిన్న నేను..."

"తర్వాత సెబుదువు గాని," అని పెట్టేసింది.

విమానం ఎక్కమని పిలిచారు. అంత దూరం వెళ్లి ఏం చేసొచ్చావని ఎవరైనా అడిగితే, ఒక అమ్మాయిని పనిలో చేరకుండా ఒక రోజు ఆపాను, అంతే.