విగ్గు ఆకారపు శవపేటిక

మా ఆయన సోవా, మా ఊరు తెషీలో శవపేటికలు చేసేవాడు. జాలరికి చేప, డ్రైవరుకు బస్సు, ఎవరి పనిని బట్టి వారికి ఆ ఆకారం. ఆయన పోయాక మా వెబ్‌సైట్ పేరుకు గడువు తీరింది. ఎవరో విగ్గుల వ్యాపారి ఆ పేరు కొనుక్కుని, అందులో తన విగ్గుల ఫోటోలు పెట్టుకున్నాడు. ఇక దుకాణం మూయాల్సిందే అనుకున్నాను.

ఒకరోజు మామ్లే అనే ఆవిడ వచ్చింది. "అక్కా, మా అమ్మ పోయింది. బతికినన్నాళ్లూ జడలల్లింది. మీ సైట్‌లో ఉన్న ఆ ఉంగరాల విగ్గు పెట్టె కావాలి."

"అవి పెట్టెలు కాదమ్మా, నిజం విగ్గులే!"

"ఊరుకో అక్కా! మీ ఆయన చేసిన చేపా నిజం చేపలాగే ఉండేదిగా!"

సరేనని ఒప్పుకున్నాను. అన్న దగ్గరే పని నేర్చుకున్న మా మరిది ఉలి పట్టుకుని ఉంగరాలు చెక్కుతూ విసుక్కున్నాడు. "అన్న బట్టతల చెక్కమంటే మధ్యాహ్నానికే అయిపోయేది, వదినా."

ఆయన పోయాక నేను నవ్వింది అప్పుడే.