ఎలీషా పంతులుగారికి లేని మేనల్లుడు

గాడిద నోట మాట పుట్టించి ప్రవక్తకు బుద్ధి చెప్పిన దేవునికే మహిమ కలుగును గాక. నా విషయంలో ఆయన చేయవలసి వచ్చింది దానికి సరిగ్గా ఎదురు పని. గాడిద నోరు మూయించాలి. ఆ పని ఆయన చేశాడు, కాదనను, కానీ కొంచెం ఆలస్యంగా చేశాడు. ఆ కొంచెంలోనే ఒక మనిషి ప్రాణం పోయేంత పని చేసి పెట్టాను. ఎంత ఘనకార్యమో మీరే వినండి.

పోయిన నెల ఎలీషా పంతులుగారిని డోర్నకల్ మట్టిలో పడుకోబెట్టి వచ్చాము. జ్ఞాపకార్థ కూటంలో నన్నూ నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఆయన కూతురు మార్తమ్మ ముందు వరసలో కూర్చుని నన్నే చూస్తూ ఉండడం వల్ల సగం మాటలే మాట్లాడి దిగిపోయాను. మిగిలిన సగం ఇది.

అక్కడి రైలు స్టేషనుకు దగ్గరలో మిషను వాళ్ల గ్రంథాలయం ఉండేది. ముందు రెండు గదుల్లో పుస్తకాలు, వెనక వాటాలో పంతులుగారి కాపురం. పంట తెగులుకు మందు ఏ పుస్తకంలో ఉందో అడగవచ్చు, కౌలు చట్టం ఏమంటుందో అడగవచ్చు, ఆయన లేచి వెళ్లి సరైన పుట తెరిచి చేతిలో పెట్టేవారు. కానీ ముందు మీరు ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. "ఎవరి బిడ్డవు నాయినా?" తండ్రి పేరు చెప్పగానే తాత పేరు, తాత పేరు చెప్పగానే అవ్వ పుట్టిల్లు. పేపరు చదువుదామని వచ్చిన రైల్వే కూలీ, మానుకోటలో తనకొక చిన్నాయిన ఉన్నాడని తెలుసుకుని బయటికి పోయేవాడు. పేపరు అట్లే ఉండిపోయేది.

గంగారం అడవి పక్క నుంచి జనగామ దాకా మా విశ్వాసుల ఇళ్లలో ఏ సంబంధం కుదరాలన్నా పెద్దలు ముందు ఆయన దగ్గరికే వచ్చేవారు. వరుస కలుస్తుందా లేదా, పిల్ల చెల్లెలవుతుందా మరదలవుతుందా, ఆయన కళ్లు మూసుకుని చెప్పేవారు. లేఖనాల్లో పేర్ల వరసలు వచ్చే అధ్యాయాలను మనమందరం ముళ్లకంచె దాటినట్టు దాటిపోతాం కదా, ఆయన అక్కడే ఆగి, గట్టిగా చదివి, కండువాతో కళ్లు తుడుచుకునేవారు. "పేర్లు దాటేసేటోడు రేపు మనుషులను గూడ దాటేస్తడు" అనేవారు.

గుడిలో బోధ చెప్పే ఉపదేశి చదువు ముగించిన నన్ను ఆయన కింద సహాయకుడిగా వేశారు. వంశావళులు నేర్పడంలో ఆయనకొక పద్ధతి ఉండేది. వచ్చినవాళ్లతో మాట్లాడుతూ మాట్లాడుతూ కావాలనే ఒక వరుస తప్పు చెప్పేవారు. ఆ తప్పు నేను అక్కడికక్కడే పట్టుకోవాలి. పట్టుకుంటే మార్తమ్మ చేత చాయ్ పెట్టించేవారు. పట్టుకోకపోతే ఆ కుటుంబం మొత్తం మొదటి నుంచి మళ్లీ అప్పజెప్పాలి. ఆ చాయ్ ఎంత బాగుండేదంటే, నేను ఆయన నోటివంక కొంగ చేపను చూసినట్టు చూస్తూ కూర్చునేవాణ్ని.

ఇక ఆ రోజు. జనగామ వైపు ఊళ్లన్నీ దొరల మీద తిరగబడి ఉన్న దినాలు. దొరల మీద పోరాడే సంఘంలో చేరిన కుర్రవాళ్ల కోసం పోలీసులు రైళ్లలో వెతుకుతున్నారు. నేను వెనక గదిలో చెదపట్టిన అట్టలు దులుపుతున్నాను. అదే సమయంలో నర్మెట్ట పక్క నుంచి వచ్చిన ప్రభుదాసు అనే కుర్రవాడు రైలు దిగి, గ్రంథాలయంలోకి వచ్చి, "ఎన్కనే పోలీసులున్నరు పంతులూ. దొరికితే కాల్చేస్తరు" అన్నాడట. పంతులుగారు జీవితంలో మొదటిసారి ఎవరి బిడ్డవని అడగలేదు. తన కండువా అతని భుజాన వేసి, చేతిలో ఒక గుడ్డముక్క పెట్టి, బీరువా తుడవమన్నారు. ఇదంతా నాకు తరవాత తెలిసింది. తరవాత తెలియడమే నా దురదృష్టం.

నేను ముందు గదిలోకి వచ్చేసరికి పోలీసు జమేదారు, ఇద్దరు జవాన్లు నిలబడి ఉన్నారు.

"వీడెవడు?" అన్నాడు జమేదారు.

"మా అక్క కొడుకు సాబ్. పనిల సాయం చేస్తున్నడు" అన్నారు పంతులుగారు తల ఎత్తకుండా.

నా చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఎంత తేలిక పరీక్ష. ఇంత తేలిక తప్పు ఇస్తారా ఎవరైనా?

"పంతులుగారూ, మీ అక్కకు కొడుకులెక్కడున్నరు? అందరు ఆడివిల్లలే గదా" అన్నాను.

పంతులుగారు కళ్లద్దాల మీదుగా నన్ను చూశారు. నా ఖర్మకు ఆ చూపు నాకు మెచ్చుకోలుగా కనబడింది.

"ఏంది పంతులూ, నీ అక్కకు కొడుకే లేడంటున్నడు?"

"అది పెద్దక్క సాబ్. వీడు చిన్నక్క కొడుకు."

"చిన్నక్క పెండ్లి గాకముందే ప్రభువు దగ్గరికి పోయింది గదా" అన్నాను. పొయ్యి మీద చాయ్ పొంగుతున్న వాసన కూడా వచ్చినట్టనిపించింది.

"అక్కంటే సొంత అక్క గాదు సాబ్, మా పెదనాయిన బిడ్డ" అన్నారు పంతులుగారు.

"మీకు పెదనాయిన యాడున్నడు? మీ బాపే అందరికన్నా పెద్దోడు గదా."

ఇంతసేపు నేను బీరువా వైపు చూడనే లేదు. అప్పుడు చూశాను. కుర్రవాడి చేతిలో గుడ్డ ఆగిపోయింది. కాళ్లు మోకాళ్ల దాకా ముళ్లకు గీరుకుని ఉన్నాయి. పంతులుగారి కండువా అతని భుజాన ఎందుకుందో అప్పుడు అర్థమైంది. చాయ్, పరీక్ష, వంశావళి అన్నీ ఒక్కసారి మరిచిపోయాను.

జమేదారు కుర్రవాడి రెక్క పట్టుకున్నాడు.

పంతులుగారు కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు. "సాబ్, సిగ్గుకు దాచిన. వీడు మా మార్తకు అనుకున్న పిల్లగాడు. పెండ్లి గాకముందే అత్తగారింట్ల ఉంటున్నడంటే నలుగురు నవ్వుతరని అక్క కొడుకన్న."

జమేదారు నా వైపు తిరిగాడు. "ఈ పంతులు మాట నమ్మ. నువ్వు చెప్పు. నువ్వొక్కనివే నిజం మాట్లాడుతున్నవ్."

చూశారా నా ప్రతిష్ఠ. అబద్ధ సాక్ష్యం మహాపాపమని పిల్లలకు పాఠం చెప్పే నోరు నాది. నిజం చెబితే ఒక తల్లి కొడుకు పోతాడు.

"వంశావళిల అయితే ఇంక ఎక్కలే సాబ్" అన్నాను.

"ఎందుకెక్కలే?"

"పెండ్లి గాలే గదా."

రెండూ నిజాలే. పరలోకంలో ఎవరైనా అడిగినా నేను ఇదే చెబుతాను.

"పిల్లను పిలువు" అన్నాడు జమేదారు.

మార్తమ్మ జొన్నపిండి చేతులతో వచ్చింది. "బిడ్డా, సాబ్ నువ్వు చేసుకోబోయేటోని సంగతి అడుగుతున్నడు" అన్నారు పంతులుగారు. ఆమె ముందు తండ్రి మొహం చూసింది. తరవాత ఎన్నడూ చూడని ఆ మనిషిని కాళ్ల నుంచి తల దాకా చూసింది.

"అడగనీ. నేను గూడ అడుగుదామనే ఉన్న" అంది. "పొద్దుగాల కట్టెలు తెమ్మంటే ఇప్పుడా వచ్చేది? కాళ్లు జూడు, తుమ్మ చెట్టెక్కినవా, దాంతోని కొట్లాడినవా? కట్టెలేవి? మా బాపు మెతకమనిషి గనుక ఊకున్నడు. ఈ మొద్దును చేసుకోనని నేను అప్పుడే చెప్పిన."

"రేపు తెస్త" అన్నాడు కుర్రవాడు తల దించుకుని. అంత నిజమైన మొగుడి గొంతు నేను మళ్లీ వినలేదు.

జమేదారు నవ్వి రెక్క వదిలేశాడు. "చోడో. వీనికి జైలు వేరే ఎందుకు?" అని, పోతూ పోతూ నా భుజం తట్టాడు. "నీ అసొంటోడు ఊరికొక్కడుంటే మా పని సులువైతది." నా జన్మలో అంత మంట పుట్టించిన మెచ్చుకోలు మరొకటి లేదు.

వాళ్లు పోయాక నేను పంతులుగారి కాళ్ల దగ్గర కూలబడ్డాను. ఆయన నన్ను లేపి, "పరీక్షల నువ్వు పాసైనవ్ బిడ్డా. మేమే జరంతల ఫెయిలైపోతుంటిమి" అని, మార్తమ్మతో నాకు చాయ్ పెట్టమన్నారు. ఆమె పెట్టలేదు.

ప్రభుదాసు ఆ సాయంత్రమే అడవి దారి పట్టాడు. గొడవలు సద్దుమణిగి, కేసులు పోయాక తిరిగి వచ్చాడు. వంశాల విషయంలో ఒక్క అబద్ధం కూడా నిలవనియ్యని పంతులుగారికి ఈ ఒక్కటి ముల్లులా గుచ్చుకుంటూనే ఉందట. అతన్ని నిజంగానే చేసుకుంటావా అని కూతురిని అడిగారు. "నలుగురి ముంగట చెప్పినవ్ గదా బాపూ, ఇగ ఏం జేస్తం" అందట ఆమె, ఏమాత్రం బాధ కనబడకుండా. ఒక పూటంతా కూర్చుని అతని ముత్తాతల దాకా విచారించారు. వరుస కలిసింది.

పాస్టరు అయ్యగారు దూరపు ఊళ్లకు వెళ్లి ఉండడం వల్ల గుడిలో ఆ పెళ్లి ప్రకటన చదివే భాగ్యం నాకే దక్కింది. ఇద్దరి పేర్లు చదివి, "ఈ వివాహానికి ఆటంకం ఎవరికైనా తెలిసి ఉంటే ఇప్పుడే చెప్పవలసింది" అన్నాను. గుడిలో ఉన్నవాళ్లెవరూ ఒకరినొకరు చూసుకోలేదు. అందరూ నన్నే చూశారు. పంతులుగారు గుండె పట్టుకుని చూశారు. నేను పుస్తకం మూసేశాను.

ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలవ్వ అప్పుడు తీరిగ్గా అంది: "నువ్వే ఊకున్నవంటే ఇగ ఏ ఆటంకం లేనట్టే అయ్యా. కానియ్యి."

కాబట్టి ఈ వయసులో, బలిపీఠం సాక్షిగా, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఎవరి అక్కకు ఎందరు కొడుకులో, ఎవరి తండ్రికి ఎందరు అన్నలో, ఇకమీదట అడిగినా చెప్పను. ఈ ప్రమాణం నిలిచేటట్టు, చదువుతున్న మీరు కూడా ఒక్క నిమిషం తల వంచి నాతో ప్రార్థించండి: ప్రభువా, ఎలీషా పంతులుగారి బిడ్డలను, వారి బిడ్డల బిడ్డలను ఆశీర్వదించు. వారి పేర్లన్నీ నాకు వరసగా వచ్చు. అయినా నేను చెప్పను, నీకు తెలుసు. ఆమేన్.