ఎర్ర చెరువు బొమ్మ

కొత్తనీరొచ్చి ఎర్రబడిన చెరువును చూసినప్పుడల్లా ఆ పెద్దాయన గుర్తొస్తారు. పేరు అడగలేదు. ఎనభైల్లో ఒక వానాకాలం, పుంగనూరులో కుప్పం బస్సెక్కితే నా పక్కన కూర్చుని ఉన్నారు. ఒళ్ళో పాత పంచెలో చుట్టిన అట్ట. బస్సు కుదుపుకు పంచె జారింది. అట్టంతా ఎర్రమట్టి రంగు, మధ్యలో అడ్డంగా ఒక నల్లటి గీత.

"ఏం బొమ్మ సార్ ఇది?"

"సెరువప్పా. ఆ గీత కట్ట."

"మరి నీళ్ళు యాడుండాయి?"

"ఎరుపంతా నీళ్ళే. కొత్త వానకు మన సెరువులు ఇట్లే కదా ఉంటాయి."

మదనపల్లెలో డ్రాయింగు మాస్టరుగా చేసి రిటైరయ్యారట. కాసేపటికి ఆయనే మొదలుపెట్టారు.

"మా క్లాసులో ఒక పాప సెరువును ఇట్లే ఎర్రగా ఏసింది. నీళ్ళు నీలంగా ఉండాలని, అందరి ముందర ఆ బొమ్మ మీద నేనే నీలం పూసేస్తిని. పాప ఏడవలేదు. కిటికీలోంచి సెరువు పక్క సూసి, బ్రష్షు కింద పెట్టేసింది. మళ్ళా బొమ్మ ఏయలేదు."

"ఇప్పుడు యాడుండాది సార్ ఆ యమ్మ?"

"ముందొచ్చే ఊర్లోనే. ఇది ఆ యమ్మకే."

ఆ ఊరొచ్చింది. ఆయన లేచి తలుపు దాకా వెళ్ళారు. కడ్డీ పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డారు. తిరిగొచ్చి కూర్చుని, బొమ్మను లోపలికి తిప్పి పంచె చుట్టారు. ఆయన ముఖం చూడలేక నేను కిటికీ వైపు తిరిగాను.

కండక్టరు మాత్రం ఆశ్చర్యపోలేదు.

"ఈసారి గూడా కుప్పానికే కొట్టేదా సార్?" అంటూ టికెట్టు చింపాడు.